జుమ్మా రాత్రి ఏడు గంటలు

గౌస్ బీ కుట్టిన పరుపు పదేళ్ళు పడుకున్నా ఉండకట్టదని తెనాలిలోనే కాదు, అటు బాపట్ల, ఇటు రేపల్లె దాకా పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. పెళ్ళయిన ఆరో ఏట మొగుడు జాన్ సైదా కామెర్లొచ్చి పోతే, ఆయన వాడిన దబ్బనం, దారపు ఉండ చేతిలోకి తీసుకుంది. అప్పటికి కూతురు ఖతీజా ఇంకా చంకలోనే ఉంది. ఆడది ఇళ్ళకు పోయి పరుపులు కుట్టడమేంటని మరుదులు మూతులు తిప్పారు. "అయితే మీరు పెడతారా కూడు?" అని ఒక్క మాట అడిగింది. పెట్టే ఉద్దేశం ఎవరికీ లేదు కనుక మాట అక్కడే ఆగిపోయింది.

ఆమె స్వభావం అది. ఒక మాట అడుగుతుంది, రెండోసారి అడగదు. దూది తక్కువ తెచ్చిన ఇంట్లో దబ్బనం చెంగున కట్టుకుని లేచి వచ్చేస్తుంది. "సన్న పరుపు మీద పడుకుని మీ నడుం విరిగితే నా పేరు చెబుతారు, నాకెందుకు" అనేది. చదువు రెండో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు అక్షరం వంక చూడదు. చదువుకున్న వాళ్ళను చూసి జంకడం మాత్రం ఆమెకు చేతకాదు.

ఖతీజాను బాపట్లలో వాజిద్ అనే కుర్రవాడికి ఇచ్చింది. బుద్ధిమంతుడే. ఆ పిల్ల అదృష్టమే బాగాలేదు. కూతుర్ని కన్న ఏడాదిన్నరకు విషజ్వరం వచ్చి, గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే కళ్ళు మూసింది. పసిపిల్ల ఫర్హానాను అమ్మమ్మ చేతిలో పెట్టి వాజిద్ ఉద్యోగానికి మస్కట్ వెళ్ళిపోయాడు. ఆ పిల్ల దూది గుట్టల్లోనే పెరిగింది. కనురెప్పల మీద దూది నూగు, ముక్కులో దూది, రోజంతా తుమ్ములు. పిల్లి కూనలా దూదిలో దూరి నిద్రపోయేది, గౌస్ బీ వెతుక్కోవలసి వచ్చేది. "నానీ" అనడం తప్ప ఇంకో పిలుపు ఎరగదు.

పిల్లకు ఐదో ఏడు వచ్చాక వాజిద్ కారులో వచ్చాడు. పక్కన కొత్త భార్య. మర్యాదగానే మాట్లాడారు, మర్యాదగానే పిల్లను మస్కట్ తీసుకెళ్ళారు. తండ్రి కదా, కాదనడానికి గౌస్ బీకి నోరు లేదు. అంత నోరున్న మనిషికి ఆ ఒక్కరోజే లేకపోయింది.

మూడేళ్ళు గడిచాయి. పండక్కి ఫోను చేస్తే వాజిద్ మాట్లాడేవాడు. పిల్ల ఏదంటే స్కూలుకెళ్ళిందనో, నిద్రపోతోందనో చెప్పేవాడు. 2008 ఏప్రిల్‌లో గౌస్ బీయే ఎదురింటి సుగుణమ్మ సెల్లు తీసుకుని చేసింది. ఈ సెలవులకు పిల్లను నెల రోజులు పంపమని అడిగింది. వాజిద్, ఫర్హానా ఇప్పుడు ఎనిమిదేళ్ళ పిల్ల అనీ, ఎవరో తెలియని ఇంటికి రమ్మంటే భయపడుతుందనీ అన్నాడు. తన ఇల్లు ఎవరో తెలియని ఇల్లెట్లా అయిందని గౌస్ బీ అడగబోయి నోరు నొక్కుకుంది.

"నేను బలవంతం చెయ్యను అత్తమ్మా. మీరే దాంతో కంప్యూటర్లో ముఖాలు చూసుకుంటూ మాట్లాడండి. వస్తానని అది అంటే జూన్‌లో పంపిస్తాను. టైము కుదుర్చుకోడానికి లింకు పంపుతా, నెట్ సెంటర్ మెయిలు చెప్పండి" అన్నాడు వాజిద్.

లింకు అంటే గౌస్ బీకి తెలిసింది రేపల్లె పోయే లింకు రైలు ఒక్కటే. అయినా సరేనంది. పిల్ల వచ్చేదీ రానిదీ ఆ ఒక్క మాటామంతీ మీదే ఉందని మాత్రం ఆమెకు బాగా తెలిసింది.

స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ నడిపేది స్నేహలత. లూథరన్ చర్చిలో పాటలు పాడే పిల్ల. మొగుడు అజయ్ బాబుకి టీచరుద్యోగం. ఆమె పెళ్ళికి పరుపూ దిండ్లూ కుట్టింది గౌస్ బీయే, అందుకని మామ్మగారూ అంటూ ప్రేమగా ఉండేది. మెయిలు తెరిచి చూసి స్నేహలత నవ్వింది. అందులో పెద్ద గళ్ళ పటం ఉంది. పైన తారీకులు, గంటలు. పక్కన వరసగా పేర్లు: వాజిద్, అతని భార్య, ఫర్హానా. ఎవరికి ఎప్పుడు తీరికో వాళ్ళ వరసలో టిక్కు పెట్టుకోవాలి. అందరి టిక్కులూ ఒకే గడిలో పడితే ఆ టైము ఖాయం. పదిమందికి ఫోన్లు చేసుకునే బాధ ఉండదని, ఆఫీసుల్లో ఇప్పుడు మీటింగులన్నీ ఇలాగే పెడుతున్నారని స్నేహలత వివరించింది. ముహూర్తం చూసినట్టే మామ్మగారూ, పంతులు పని ఇది చేస్తుంది అని నవ్వింది.

గౌస్ బీ నవ్వలేదు. "నా మనవరాలితో నాకు మీటింగేంటే?"

"వాళ్ళకట్లా అలవాటండి. అల్లుడుగారి ఉద్యోగమే అదేమో."

"ఎనిమిదేళ్ళ పిల్లకి తీరిక లేదా?"

లేదు. ఫర్హానా వరసంతా ఖాళీ గళ్ళే. ఈత క్లాసు, ఖురాన్ క్లాసు, లెక్కల ట్యూషను అని కింద రాశారు. వారం మొత్తానికి మూడంటే మూడు టిక్కులు. అన్నీ మన టైము ప్రకారం సాయంత్రం ఏడు గంటలకు, పావుగంట చొప్పున. అడుగున నాలుగో వరస గౌస్ బీ పేరుతో ఖాళీగా ఉంది. స్నేహలత ఆ పేరు చదివి వినిపిస్తే గౌస్ బీ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. కూతురి కూతురి పేరు కింద తన పేరు. ఎవరో పనిమనిషిని చివర రాసినట్టు.

వెనకాల పరీక్ష ఫలితాల కోసం నలుగురు కాలేజీ పిల్లలు గోల పెడుతున్నారు. స్నేహలత తొందర పడింది. "మూడు రోజులు సాయంత్రం ఏడింటికి వీలంట మామ్మగారూ. మీకేరోజు పెట్టమంటారు?"

"జుమ్మా రాత్రి పెట్టు. పొద్దు కుంకగానే మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చేస్తా."

స్నేహలత టిక్కు పెట్టింది. జుమ్మా అంటే శుక్రవారమని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ళ వీధిలో సాయిబుల కొట్లు ఆ మధ్యాహ్నం మూసేస్తారు. అందుకని శుక్రవారం ఏడు గంటల గడి నొక్కింది. ఇందులో ఆ పిల్ల తప్పేమీ లేదు.

గౌస్ బీ తప్పూ లేదు. వాళ్ళ ఇళ్ళల్లో రోజు సూర్యుడు కుంకగానే మారిపోతుంది. గురువారం పొద్దు వాలితే జుమ్మా రాత్రి వచ్చేసినట్టే. శుక్రవారం పొద్దు వాలేసరికి జుమ్మా వెళ్ళిపోయి శనివారం రాత్రి మొదలైనట్టు. గౌస్ బీ ఆ రాత్రినే కోరుకోవడానికి కారణం ఉంది. జుమ్మా రాత్రి చనిపోయినవాళ్ళ రూహులు ఇంటికొచ్చి, గడప దగ్గర నిలబడి, తమవాళ్ళు ఎలా ఉన్నారో చూసిపోతాయని వాళ్ళ నమ్మకం. ఏడేళ్ళుగా ప్రతి గురువారం సాయంత్రం ఖతీజా పేర ఊదు వేసి, ఫాతిహా చదివించి, గుప్పెడు బెల్లం పంచుతోంది. కూతురు వచ్చే రాత్రే కూతురి కూతురు కనపడాలనుకుంది. ఇదంతా స్నేహలతకు చెప్పలేదు. చెప్పుకునే రకం కాదు.

మే ఎనిమిదో తారీకు, గురువారం. గౌస్ బీ తలంటుకుని, ఆకుపచ్చ నేత చీర కట్టింది. ముఖానికి పౌడరు రాసుకుని, అద్దంలో చూసుకుని, పిల్ల గుర్తుపట్టదేమోనని తుడిచేసుకుంది. ఊదు వేసి, కాసేపు గడప వైపు చూసి, చెప్పులేసుకుని బయలుదేరింది. ఏడుకి పది నిమిషాలుండగా నెట్ సెంటరులో ఉంది.

స్నేహలత లేదు. బాపట్లలో మేనత్త కృపమ్మ పోయి ఏడాదైందని జ్ఞాపక కూడికకు వెళ్ళింది. కొట్లో అజయ్ బాబు కూర్చున్నాడు. కుర్చీ తుడిచి వేశాడు, కెమెరా సరిచేశాడు, వాజిద్ పేరు తెరిచాడు. పేరు పక్కన గుర్తు బూడిద రంగులో ఉంది. అవతల మనిషి కంప్యూటరు ముందు లేడన్నమాట. వస్తారులెండి అన్నాడు.

ఏడైంది. ఏడుంబావు. కంప్యూటరు అద్దం మీద తన ముఖమే కనపడుతోంది గౌస్ బీకి. ఏడున్నరకు అజయ్ బాబు నొచ్చుకుంటూ, స్నేహకు ఫోను చేసి టైము కనుక్కుంటానని సెల్లు తీశాడు.

"వద్దు బాబూ."

"ఒక్క నిమిషం పని మామ్మగారూ, ఆ మెయిలు దానికే తెలుసు."

"వద్దన్నానా. రానివాళ్ళ కోసం ఆరాలు తీయించుకునే ఖర్మ నాకేంటి? గడి నింపమన్నారు, నింపాను. రమ్మన్నారు, వచ్చాను. ఇంక వాళ్ళ ఇష్టం."

సెల్లు జేబులో పెట్టేసుకున్నాడు అజయ్ బాబు. పెద్దామె మాట తీసెయ్యలేకపోయాడు. ఆ ఒక్క ఫోను చేసి ఉంటే కథ ఇంకోలా ఉండేది. గౌస్ బీ ఎనిమిదింటి దాకా కూర్చుంది. కరెంటు పోయింది. లేచి కొంగు దులుపుకుని, పెద్ద ఉద్యోగస్తులు కదా, మర్చిపోయి ఉంటారని నవ్వినట్టుగా అనేసి వెళ్ళిపోయింది.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే రేపల్లె రైలెక్కింది. అక్కడ బియ్యం మిల్లు పున్నారావు గారి అమ్మాయి పెళ్ళికి మూడు పరుపులు కుట్టాలి. ఇంకో నాలుగు రోజుల తర్వాత వస్తానని చెప్పిన పని. ఇంట్లో కూర్చుంటే పిచ్చెత్తేలా ఉండి ముందే వెళ్ళింది. సుగుణమ్మకు కూడా ఎప్పుడొస్తుందో చెప్పలేదు. సాయంత్రం మిల్లు వెనక పెంకుల వసారాలో, ముఖానికి గుడ్డ కట్టుకుని, బూరుగు దూది ఏకుతూ ఏడు గంటలు దాటించింది. ఆ ఇంటి ఆడవాళ్ళు కాఫీ ఇచ్చి, పిల్లలెంతమందని అడిగారు. ఒక మనవరాలుంది, మస్కట్లో ఈత నేర్చుకుంటోంది అని చెప్పింది. ఎప్పుడొస్తుందని అడిగారు. దానికి తీరిక లేదండీ, అంది.

ఆదివారం తెనాలిలో దిగి ఇంటికొచ్చేసరికి స్నేహలత చర్చి నుంచి అటే వచ్చి గడపలో కూర్చుని ఉంది. చేతిలో బైబిలు, పాటల పుస్తకం. ముఖం పాలిపోయి ఉంది.

"శుక్రవారం ఎక్కడికెళ్ళిపోయారు మామ్మగారూ? సుగుణమ్మగారి సెల్లుకి ఆరుసార్లు చేశాను."

"శుక్రవారంతో నాకేం పని?"

అప్పుడు బయటపడింది. స్నేహలత శుక్రవారం సాయంత్రం బాపట్ల నుంచి సరాసరి కొట్టుకే వచ్చిందట, గౌస్ బీ ముందురోజే వచ్చి వెళ్ళిందని అజయ్ బాబు ఆ రాత్రి చెబితేగానీ తెలియలేదట. శుక్రవారం సరిగ్గా ఏడింటికి వాజిద్ పేరు పచ్చగా వెలిగిందట. పిల్ల రెండు జడలేసుకుని, తెల్ల గౌనుతో కుర్చీలో కూర్చుందట. వాళ్ళ నాన్న నేర్పితే నాలుగు తెలుగు మాటలు కాగితం మీద రాసుకుని రెండు చేతులా పట్టుకుందట. స్నేహలత తనకొచ్చిన అరకొర హిందీలో, నానీ వస్తోంది, వస్తోంది అని చెబుతూ కూర్చుందట. పిల్ల మొదట నవ్విందట. తర్వాత కాగితం వంక చూసుకుందట. పావుగంట కాగానే వాజిద్ ముఖం తెర మీదకు వచ్చి, ఫర్వాలేదండి, ఆవిడకి వీలు పడలేదేమో అని ఆపేశాడట.

గౌస్ బీ సంచీ కింద పెట్టలేదు. "ఏం మాటలు రాసుకుంది?"

"నేను అడగలేదండి. అడగాల్సింది."

జుమ్మా రాత్రంటే ఏదో గౌస్ బీ అప్పుడు చెప్పింది. స్నేహలత విని తల పట్టుకుంది. ఇంతకాలం ఒకే ఊళ్ళో ఉన్నారు, ఒకే కుళాయి నీళ్ళు తాగారు, ఆ రాత్రి ఏ రోజుదో ఒకళ్ళనొకళ్ళు అడగవలసిన అవసరమే రాలేదు. ఆ గళ్ళ పటానికి తెలియలేదంటే దాన్నేమంటాం?

స్నేహలత చెంపలేసుకున్నట్టు మాట్లాడింది. ఇప్పుడే వెళ్ళి సారీ అని ఒక ముక్క రాద్దాం, ఇలా పొరపాటైందని చెబుదాం, ఇంకో టైము ఇమ్మందాం, రండి అంది.

"సారీ ఎందుకు? నేనేం తప్పు చేశాను?"

"తప్పని కాదు మామ్మగారూ. పిల్ల ఎదురు చూసింది కదా."

"నేను చూడలేదా? గంటకు పైగా నా ముఖం నేనే చూసుకుంటూ కూర్చున్నాను. వాళ్ళు ఒక్క ఫోను చేసి, ఎందుకు రాలేదమ్మా, బతికున్నావా చచ్చావా అని అడిగారా? అడిగిన రోజున చెబుతాను."

స్నేహలత ఇంకా ఏదో అనబోతే చేత్తో ఆపేసింది. స్నేహలతా, అజయ్ బాబూ ఇద్దరూ మంచివాళ్ళే అయినప్పుడు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, గౌస్ బీ దాన్ని మస్కట్ మీద పెట్టుకుంది. అటు మస్కట్లోనూ అదే జరిగి ఉంటుంది. మనవరాలి కోసం పావుగంట కూడా మిగల్చని మనిషని వాజిద్ అనుకుని ఉంటాడు. ఇటు మాట లేదు, అటు మాట లేదు. అలా పదహారు రోజులు పోయాయి. గౌస్ బీ ఆ పదహారు రోజులూ దబ్బనం పట్టుకుంటే చేతిలోనే గుచ్చుకునేది. ఎవరో దిండు వెనక్కి తెచ్చిచ్చారు, కుట్లు వంకర పోయాయని. ఇరవై ఎనిమిదేళ్ళలో అది మొదటిసారి.

పదిహేడో రోజు పొద్దున సుగుణమ్మ ఇంటికి వెళ్ళి సెల్లు అడిగింది. వాజిద్ ఎత్తాడు. గొంతులో కోపం లేదు, అదే ఆమెను భయపెట్టింది. ఆరోగ్యం ఎలా ఉంది, ఎండలెలా ఉన్నాయి అని అడిగాడు. పిల్లను పంపే సంగతి ఆమే ఎత్తింది.

"ఫర్హానాని అడిగాను అత్తమ్మా. రానంది. సెలవులకి మా ఆవిడ చెల్లెలి పిల్లలతో హైదరాబాద్ వెళ్తానంది. టిక్కెట్లు కూడా అయిపోయాయి."

"అది ఎందుకు రానందో నీకు తెలుసా వాజిద్?"

"ఆరోజు మీరు రాలేదు కదండి."

"వచ్చాను. జుమ్మా రాత్రి వచ్చాను. జుమ్మా రాత్రి ఎప్పుడొస్తుందయ్యా? బాపట్లలో మీ అమ్మ ఏ రోజు పొద్దువాలినాక ఊదు వేసేది?"

   వాజిద్ చిన్న గొంతుతో, గురువారం, అన్నాడు. ఆ వెంటనే, "అందులో శుక్రవారమని ఉంది అత్తమ్మా. నేను తారీకు చూసుకున్నాను. ఇక్కడ ఎవరం ఆ మాట అనం" అన్నాడు.

పిల్లకి ఒక్కసారి ఫోనివ్వమంది. గదిలో ఉందన్నాడు. పిలిచాడు కూడా. తలుపవతల నుంచి ఆడపిల్ల గొంతు ఏదో ఇంగ్లీషులో అంది. ఏమందని గౌస్ బీ అడిగితే, చదువుకుంటోందండి అని చెప్పాడు. అబద్ధం చెప్పేటప్పుడు కూడా మర్యాద వదలని మనిషి.

ఆ సాయంత్రం గౌస్ బీ తనంతట తానే నెట్ సెంటరుకు వెళ్ళింది. అలాంటి గళ్ళ పటం మన వైపు నుంచి కూడా పంపొచ్చా అని అడిగింది. పంపొచ్చంది స్నేహలత. పైన ఏం పేరు పెట్టమంటారంటే, ఫర్హానాతో మాట అని పెట్టమంది. ఏయే రోజులంటే, జూన్ నెల అన్ని రోజులూ అంది. ఏ గంటలంటే, కొట్టు తెరిచిన కాడి నుంచి మూసేదాకా అన్ని గంటలూ అంది. పక్కన తెలుగులో వారం పేరు, పగలో సాయంత్రమో విడమరిచి రాయించింది, ఈసారి ఎవరూ పొరపాటు పడకుండా. గౌస్ బీ వరసలో స్నేహలత ఒక్కొక్క గడీ నొక్కుతుంటే, పక్కన నిలబడి లెక్క చూసుకుంది. ఒక్క గడి కూడా వదలనివ్వలేదు.

"రేపల్లె పనులో మామ్మగారూ?"

"పరుపులు ఎక్కడికీ పోవు."

చివర రెండు ముక్కలు రాసే చోటుంటే, ఏం రాయమంటారని అడిగింది స్నేహలత. గౌస్ బీ వీధిలోకి చూసింది. తప్పు నాదే అని రాయి, అంది. స్నేహలత రాసింది.

జూన్ ఒకటి వచ్చింది, పది వచ్చింది. గౌస్ బీ రోజూ మధ్యాహ్నం ఒకసారి, మగ్రిబ్ తర్వాత ఒకసారి వచ్చేది. స్నేహలత పటం తెరిచేది. అడుగున కాదు, ఈసారి పైవరసలో గౌస్ బీ పేరు, ఆ చివర నుంచి ఈ చివర దాకా టిక్కులు. కింద వేరే పేరు లేదు. మొదట్లో, హైదరాబాద్ ప్రయాణంలో ఉంటారు, చూసుకుని ఉండరు అని స్నేహలతే ఏదో ఒకటి చెప్పేది. తర్వాత చెప్పడం మానేసింది. గుమ్మంలో గౌస్ బీని చూడగానే తల అడ్డంగా ఊపేది, గౌస్ బీ అక్కడి నుంచే వెనక్కి తిరిగేది.

ఇరవై ఆరో తారీకున మాత్రం లోపలికి వచ్చి కూర్చుంది. మనం పంపింది వాళ్ళకి అందిందా లేదా అని అడిగింది. అందిందనీ, తెరిచి చూసినట్టు కూడా తెలుస్తోందనీ స్నేహలత చెప్పింది. ఎన్నిసార్లు చూశారంటే, అది తెలియదంది. నెలాఖరుకు పటం దానంతటదే మూసుకుపోతుందనీ, కావాలంటే జూలై గళ్ళు కలపొచ్చనీ అంది.

"వద్దు. తీసెయ్యి."

"ఇంకా నాలుగు రోజులుంది కదండి."

"అంత పెద్ద పటంలో నా పేరు ఒక్కదాన్నే నిలబెట్టకు. చూసేవాళ్ళకి బాగుండదు."

స్నేహలత నొక్కింది. నిజంగా తీసెయ్యమంటారా అని తెర మీద ఏదో వచ్చింది. అది గౌస్ బీకి చదివి వినిపించింది.

"దానిక్కూడా జవాబు చెప్పాలా?" అంది గౌస్ బీ. కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంది. "నొక్కమ్మా. నిజంగానే."